పెళ్లి క్యాసెట్ నుంచి క్లౌడ్ దాకా: ఇంటి ఫోటోలు, వీడియోలు పోకుండా దాచుకోవడం ఎలా?

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా 50 మెగాపిక్సెలా, 200 మెగాపిక్సెలా అని గంటల తరబడి రివ్యూలు చూస్తాం. కానీ దాంతో తీసిన ఫోటో పదేళ్ల తర్వాత ఎక్కడుంటుందో మాత్రం ఆలోచించం. ఈ మధ్య మా ఇంట్లో ఉన్న ఆల్బమ్‌లు, వీహెచ్ఎస్ క్యాసెట్లు, వీసీడీలు, ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫోటోలు అన్నీ ఒకచోటికి చేర్చాను. ఏ వరసలో చేస్తే పని తేలికవుతుందో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

1. ముందు క్యాసెట్లు

చాలామంది ఆల్బమ్ స్కానింగ్‌తో మొదలుపెడతారు. నేనైతే ముందు క్యాసెట్లు తీయమంటాను. కాగితం ఫోటో ఇంకో పదేళ్లు ఆగుతుంది, టేప్ ఆగకపోవచ్చు. పైగా క్యాసెట్ బాగున్నా దాన్ని ఆడించే వీసీఆర్ దొరకాలి కదా! జపాన్ కంపెనీ ఫునై 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే.

వీసీఆర్ దొరికితే యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్‌కి కలపొచ్చు. ఇందులో షార్ట్‌కట్ లేదు. 3 గంటల క్యాసెట్‌కి 3 గంటలూ పడుతుంది. రీల్ మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్ పాడై మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. శుభ్రం చేయడం తెలిసినవాళ్లకి ఇవ్వడమే మంచిది.

2. పెళ్లి వీసీడీలు

2000ల్లో పెళ్లి వీడియో అంటే చాలా ఇళ్లలో వీసీడీనే. ఒక ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్ ఉంటే చాలు. డిస్క్‌లో ఎంపీఈజీఏవీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని డీఏటీ ఫైళ్లే వీడియో. వాటిని కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడతాయి. ఒక డ్రైవ్‌లో చదవని డిస్క్ ఇంకో డ్రైవ్‌లో చదవొచ్చు, కాబట్టి వెంటనే పారేయకండి.

వీసీడీ రిజల్యూషన్ 352x288 మాత్రమే. 4కే టీవీలో మసగ్గా కనిపిస్తుంది. ఏఐ ఎన్‌హాన్స్ యాప్‌లు వాడాలనిపిస్తుంది, వాడండి, కానీ అసలు ఫైల్ విడిగా ఉంచండి. ఆ యాప్‌లు లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. స్క్రీన్ మీద షార్ప్‌గా కనిపించే ఆ ముఖం అచ్చంగా మీ అమ్మమ్మది కాకపోవచ్చు.

3. ఆల్బమ్ ఫోటోలు

ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే 600 డీపీఐ పెట్టండి. 4x6 అంగుళాల ఫోటోకి 2400x3600 పిక్సెల్స్ వస్తాయి. స్కానర్ లేకపోతే గూగుల్ ఫోటోస్కాన్ యాప్ పనికొస్తుంది, అది మెరుపు తగ్గిస్తుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోని లాగితే చిరిగిపోతుంది. పేజీతో పాటే స్కాన్ చేసేయండి. ఫోటో వెనక రాత ఏమైనా ఉంటే అదీ స్కాన్ చేయాలి. చాలాసార్లు తేదీ అక్కడే దొరుకుతుంది.

4. వాట్సాప్ ఫోటోలతో జాగ్రత్త

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో సైజు తగ్గిపోతుంది. తీసిన తేదీ, చోటు లాంటి ఎగ్జిఫ్ వివరాలూ పోతాయి. అందుకే బాబాయ్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన గృహప్రవేశం ఫోటోలు మీ గ్యాలరీలో వేరే తేదీ కింద కనిపిస్తుంటాయి. అసలు ఫైల్ కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమనండి.

5. పేర్లు ఇలా పెట్టండి

నేను వాడే పద్ధతి చాలా సింపుల్. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత సందర్భం: "1994-05 అమ్మానాన్నల పెళ్లి". ఇలా పెడితే ఏ కంప్యూటర్‌లోనైనా ఫోల్డర్లు కాలం వరసలోనే కనిపిస్తాయి. నెల తెలియకపోతే సంవత్సరం ఒక్కటే రాయండి.

ఇంకో ముఖ్యమైన విషయం. గూగుల్ ఫోటోస్‌లో మీరు రాసే వివరణ ఫోటో ఫైల్ లోపలికి వెళ్లదు. టేక్‌అవుట్‌తో డౌన్‌లోడ్ చేస్తే అది పక్కన వేరే జేసన్ ఫైల్‌గా వస్తుంది. డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాస్తే ఫైల్‌లోనే సేవ్ చేసుకోవచ్చు. అప్పుడు ఫోటో ఎక్కడికి వెళ్తే పేరూ అక్కడికి వెళ్తుంది.

6. మూడు కాపీలు

3-2-1 రూల్ గుర్తుంచుకోండి: 3 కాపీలు, 2 రకాల స్టోరేజ్, 1 కాపీ ఇంటి బయట. నా దగ్గర ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉన్నాయి. క్లౌడ్ ఖర్చు వద్దనుకుంటే ఇంకో హార్డ్‌డిస్క్ ఊళ్లో చుట్టాల ఇంట్లో పెట్టండి. ఏడాదికోసారి దాన్ని తెచ్చి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపే. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. పైగా 2 ఏళ్లు వాడని పర్సనల్ అకౌంట్‌ని తొలగించే అధికారం గూగుల్‌కి ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల అకౌంట్‌లో ఫోటోలుంటే అప్పుడప్పుడు లాగిన్ అవుతుండాలి. మీ అకౌంట్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఆన్ చేసి, ఇంట్లో ఒకరి పేరు ఇచ్చేయండి.

7. గ్యాడ్జెట్ చేయలేని పని

స్కానర్, హార్డ్‌డిస్క్ రేపు కొన్నా దొరుకుతాయి. కానీ నలుపు తెలుపు ఫోటోలో తాతయ్య పక్కన నిల్చున్నది ఎవరో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. ఫేస్ రికగ్నిషన్ ఒకేలాంటి ముఖాల్ని గుంపు చేస్తుందే కానీ పేరు చెప్పలేదు. మా పెద్దమ్మ ముందు ట్యాబ్‌లో ఫోటోలు ఒక్కొక్కటీ తిప్పుతూ, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టాను. గంటలో నలభై ఫోటోలకి పేర్లు, ఊళ్లు, వరసలు అన్నీ వచ్చేశాయి. ఆ ఆడియో ఫైల్ కూడా ఇప్పుడు ఆ ఫోల్డర్‌లోనే ఉంది.

అన్నీ ఒకేసారి చేయక్కర్లేదు. ఈ ఆదివారం క్యాసెట్లు, డిస్కులు ఎన్నున్నాయో లెక్కపెట్టి లిస్ట్ రాయండి. సాయంత్రం పెద్దవాళ్ల దగ్గర ఒక్క ఆల్బమ్ పట్టుకుని కూర్చోండి. మిగతా పని మెల్లగా చేసుకోవచ్చు.