తక్కువ డబ్బుతో కంప్యూటర్: మదర్‌బోర్డు, ప్రాసెసర్ ఎంచుకోవడం ఎలా?



నేటి రోజుల్లో ప్రవేశ పరీక్ష దరఖాస్తు మొదలు ఉపకార వేతనం వరకు అన్నీ కంప్యూటర్‌తోనే ముడిపడి ఉన్నాయి. పై చదువులకు వెళ్ళిన మనవారు చాలామంది తలా కొంత వేసుకుని ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొనాలనుకుంటారు. మేమూ అలాగే కొన్నాం, నష్టపోయాం. ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము చేసిన పొరపాటు

మేము పది మందిమి తలా 1,500 రూపాయలు వేసుకున్నాం. మాలో కొందరి నాన్నలు సముద్రం మీద వేటకు పోతారు. కొందరివారు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలంలో ఇల్లు గడవడానికి దాచుకున్న డబ్బు కూడా అందులో ఉంది. ఒక షాపులో "ఐ5 కంప్యూటర్, ఇంత తక్కువకు ఎక్కడా రాదు" అంటే సంతోషంగా కొన్నాం. ఆరు నెలలు తిరగకముందే బోర్డు పోయింది. అదీ ఒక దరఖాస్తుకు ఆఖరి రోజున! విప్పి చూపిస్తే లోపల ఉన్నది ఐ5-2400 అని తెలిసింది. అది 2011లో విడుదలైన ప్రాసెసర్. షాపు ఆయన అబద్ధం చెప్పలేదు, అది ఐ5 నే. ఎన్నో తరం అని అడగకపోవడం మా తప్పు. అందులోని ర్యామ్ డీడీఆర్3 రకం కాబట్టి కొత్త బోర్డుకు అదీ పనికి రాలేదు.

మెదడు, వెన్నెముక

ప్రాసెసర్ కంప్యూటర్‌కు మెదడు. 1971లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 4004 అనే తొలి మైక్రోప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. నేటి వాటిలో వందల కోట్లు ఉంటాయి. మదర్‌బోర్డు వెన్నెముక వంటిది. ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ అన్నీ దాని మీదుగానే మాట్లాడుకుంటాయి. ఈ రెండింటికీ జత కుదరాలి. ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. సాకెట్ కలవకపోతే ఎంత మంచి ప్రాసెసర్ అయినా వృథాయే. ఒక్కోసారి సాకెట్ కలిసినా చాలదు. ఇంటెల్ 6, 7 తరాలకూ, 8, 9 తరాలకూ సాకెట్ పేరు ఎల్‌జీఏ1151 ఒక్కటే. కానీ మొదటి జంటకు చేసిన బోర్డులో రెండవ జంట పని చేయదు.

అంకెలు చదవడం నేర్చుకోండి

ఇంటెల్ ఐ3, ఐ5 రకాల్లో గీత తరువాతి అంకెలు ముఖ్యం. నాలుగు అంకెలుంటే మొదటి అంకె తరం (2400 అంటే 2వ తరం). ఐదు అంకెలుంటే మొదటి రెండూ తరం (12100 అంటే 12వ తరం). 2022లో వచ్చిన ఐ3-12100లో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్నాయి. పాత ఐ5-2400లో 4 కోర్లు, 4 థ్రెడ్లే. పేరుకు ఐ3 చిన్నదైనా పనిలో అది ఈ ఐ5 కంటే ఎంతో ముందుంటుంది.

చివరి అక్షరం కూడా చూడాలి. ఇంటెల్‌లో "ఎఫ్" ఉంటే (ఐ3-12100ఎఫ్) అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొననిదే తెర మీద బొమ్మ రాదు. ధర తగ్గిందని దాన్ని కొంటే అసలుకే మోసం. ఏఎండీ రైజెన్ 5000 వరుస వరకు మాత్రం "జీ" ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్లు. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ (6 కోర్లు, 12 థ్రెడ్లు) అటువంటిదే.

బడ్జెట్‌కు తగిన జతలు

1. ఐ3-12100, హెచ్610 బోర్డు: సాకెట్ ఎల్‌జీఏ1700. ఇదే సాకెట్ 13, 14 తరాలకూ సరిపోతుంది కనుక ముందు ముందు మార్చుకునే వీలుంది. ఈ బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. అడిగి తీసుకోవాలి.

2. రైజెన్ 5 5600జీ, ఏ520 లేదా బీ450 బోర్డు: సాకెట్ ఏఎం4, ర్యామ్ డీడీఆర్4. బీ450 పాత సరుకైతే బయాస్ అప్‌డేట్ చేసి ఇవ్వమని షాపులోనే అడగాలి.

2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి మొత్తం లెక్క వేసుకున్నాకే అటు వెళ్ళాలి.

టైపింగ్, ప్రోగ్రామింగ్, ఆన్‌లైన్ పాఠాలకు పై రెండిట్లో ఏదైనా చాలు. ప్రాసెసర్‌కే డబ్బంతా పోయకుండా 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ ఉండేలా చూసుకోండి. ర్యామ్ ఒకటిగా కాక సమానమైన రెండు ముక్కలుగా వేస్తే లోపలి గ్రాఫిక్స్ వేగం పెరుగుతుంది.

పాతది కొనక తప్పదంటే ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 వరుసకు తగ్గకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అంతకు ముందువాటిని అధికారికంగా ఒప్పుకోదు. ఇప్పటికే పాతది ఉన్నవారు పారేయనక్కర లేదు. ఉబుంటు వంటి లినక్స్ ఉచితంగా వేసుకోవచ్చు, తెలుగు టైపింగ్ కూడా వస్తుంది.

సముద్ర తీరం వారికి ప్రత్యేక జాగ్రత్తలు

మైపాడు, కృష్ణపట్నం, ఇస్కపల్లి వైపు ఊళ్ళలో కిటికీ ఊచలకు తుప్పు ఎంత త్వరగా పడుతుందో మనకు తెలుసు. ఆ ఉప్పు గాలే బోర్డు మీది పిన్నులనూ తింటుంది. సముద్రం వైపు కిటికీ పక్కన క్యాబినెట్ పెట్టకండి. ఆపి చల్లారాక గుడ్డ కప్పండి, నడుస్తుండగా కప్పకండి. తేమ రోజుల్లో వాడకుండా వారాల తరబడి వదిలేయకండి. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు, మంచి కంపెనీ ఎస్ఎంపీఎస్, వీలైతే యూపీఎస్ ఉండాలి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు ఊడదీయండి.

డబ్బు చెల్లించే ముందు

* నెల్లూరులోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా కనీసం మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి. అందులో ప్రాసెసర్, బోర్డుల పూర్తి పేర్లు ఉండాలి.
* బిల్లు వద్దంటే ధర తగ్గిస్తామంటారు. ఒప్పుకోకండి. 18 శాతం జీఎస్టీ మిగిలిందనుకుంటాం గానీ బిల్లు లేనిదే వారంటీ అడగలేం. పెట్టెలో సీలుతో వచ్చే ప్రాసెసర్‌కు సాధారణంగా 3 సంవత్సరాల వారంటీ ఉంటుంది.
* ఎల్‌జీఏ సాకెట్‌లో పిన్నులు బోర్డు మీద ఉంటాయి, ఏఎం4లో ప్రాసెసర్ కింద ఉంటాయి. ఒక్కటి వంగినా చిక్కే. బిగించే ముందే చూడండి.
* మీ ఎదుటే ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ పేరు చదివి కొటేషన్‌తో సరిచూడండి.

ప్రశ్న అడగడానికి సిగ్గుపడ్డందుకు మేము 15,000 రూపాయలు పోగొట్టుకున్నాం. పల్లె నుంచి వచ్చామని, ఇంగ్లీషు రాదని వెనుకాడకండి. కాగితం మీద అంకెలు రాసుకుని వెళ్ళి, అవి కలిస్తేనే డబ్బు తీయండి. మన అమ్మానాన్నల చెమట ఆ నోట్లలో ఉంది. దాన్ని కాపాడగల చదువు మన చేతిలో ఉంది.