సెర్వో ఆంప్లిఫయర్: ఎవరి సరుకు కొనవలెను?

లేత్ వద్ద అనుభవజ్ఞుడైన పనివాడు పనిచేయుటను మన విద్యార్థులు వర్క్‌షాపులో చూచియే ఉంటారు. అతని కన్ను డయల్ మీది గీతను చూస్తుంది. ఇంకను ఎంత దూరం మిగిలినదో మనస్సు లెక్కిస్తుంది. ఆ మేరకే చేయి చక్రాన్ని త్రిప్పుతుంది. గీత సమీపించిన కొలది చేయి నెమ్మదిస్తుంది. చేరవలసిన స్థానానికీ, ఉన్న స్థానానికీ గల భేదాన్ని కొలిచి, ఆ భేదాన్ని తగ్గించుటకే శక్తిని వినియోగించే ఇట్టి ఏర్పాటును సెర్వో విధానం అంటారు. సేవకుడు అను అర్థమిచ్చే లాటిన్ మాట నుండి ఈ పేరు వచ్చింది. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారి సెర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల, సంఖ్యల ఆజ్ఞలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. అటుపిమ్మట క్రమంగా కంటి పనిని ఎన్‌కోడర్, మనస్సు పనిని కంట్రోలర్, చేతి పనిని మోటారు స్వీకరించినవి.

అయితే మనస్సు చేసిన ఆలోచనకు, చేతికి కావలసిన బలానికి నడుమ ఒక వారధి ఉండవలెను గదా! కంట్రోలర్ ఇచ్చే ఆజ్ఞ కేవలం మైనస్ 10 నుండి ప్లస్ 10 వోల్టుల లోపు బలహీన సంకేతం. లేదా ఈథర్‌క్యాట్ వంటి నెట్‌వర్కు తీగపై వచ్చే చిన్న సందేశం. దానిని మోటారును కదిలించగల ఆంపియర్లుగా మార్చే సాధనమే సెర్వో ఆంప్లిఫయర్. కర్మాగారాలలో దీనినే డ్రైవు అని పిలుస్తారు.

మన వర్క్‌షాపుకు రెండు అక్షాల కదలిక బల్ల ఒకటి సమకూర్చవలెనని కళాశాల కమిటీ వారు ఆలోచిస్తున్నారు. బల్లను మన విద్యార్థులే తయారుచేయగలరు. మోటార్లు, ఆంప్లిఫయర్లు మాత్రం కొనక తప్పదు. కొటేషన్ల పట్టికలో అందరి దృష్టీ ధర ఉన్న చివరి గడి మీదికే పోవుట సహజం. అంతకు ముందున్న గడులలో ఏమి వ్రాయవలెనో తెలుపుటకే ఈ వ్యాసం.

ఆంప్లిఫయర్ లోపల మూడు నియంత్రణలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. అన్నిటికంటే లోపలిది విద్యుత్ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. దాని మీద వేగ నియంత్రణ, ఆపైన స్థాన నియంత్రణ. లోపలిది అన్నిటికంటే చురుకుగా ఉండవలెను. అది మందకొడిగా ఉన్నచో వెలుపలి రెండింటినీ ఎంత జాగ్రత్తగా అమర్చినా ఫలితముండదు.

స్థాన నియంత్రణలోని గెయిన్ అను సంఖ్య ఎంత ముఖ్యమో ఒక లెక్క చూడండి. అక్షం సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో పోతున్నది, గెయిన్ సెకనుకు 50 అనుకొందాము. అప్పుడు యంత్రం ఆజ్ఞకు ఎల్లప్పుడూ 100ను 50తో భాగించగా వచ్చే 2 మిల్లీమీటర్లు వెనుకబడి ఉంటుంది. రెండు అక్షాలూ సమానంగా వెనుకబడితే సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది. కాని రెండవ అక్షపు గెయిన్ 49.5 అయినచో అది 2.02 మిల్లీమీటర్లు వెనుకబడుతుంది. నూటికి ఒక వంతు తేడా వలన, రెండు అక్షాలూ అదే వేగంతో ఏటవాలుగా పోవునప్పుడు కోత దారి సుమారు 14 మైక్రాన్లు ప్రక్కకు తొలగుతుంది. వృత్తం కోయబోతే దీర్ఘవృత్తం వస్తుంది. ఈ వెనుకబాటును ముందే ఊహించి సరిచేసే ఫీడ్‌ఫార్వర్డ్ ఏర్పాటు నేటి ఆంప్లిఫయర్లలో సాధారణమే. అయినను రెండు అక్షాలు ఒకే తీరున నడవవలెననే నియమం మారలేదు. కనుక రెండింటికీ ఒకే తయారీదారుని ఒకే మోడలు కొనుట మేలు.

ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే మరొక సంఖ్య ఎన్‌కోడర్ సూక్ష్మత. 17 బిట్ల ఎన్‌కోడర్ ఒక చుట్టును 1,31,072 భాగాలు చేస్తుంది. 5 మిల్లీమీటర్ల పిచ్ గల బాల్ స్క్రూపై ఒక్కొక్క భాగం సుమారు 0.038 మైక్రాన్. ఇది చదివి, యంత్రం అంత ఖచ్చితంగా పనిచేస్తుందని భ్రమపడరాదు. జపాను ప్రమాణాల సి5 తరగతి స్క్రూకు 300 మిల్లీమీటర్ల నిడివిలో 18 మైక్రాన్ల వరకు హెచ్చుతగ్గులు అనుమతింపబడినవి. మీటరు పొడవు గల ఉక్కు స్క్రూ 5 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 58 మైక్రాన్లు సాగుతుంది. ఎన్‌కోడర్ చూచేది మోటారు ఇరుసును మాత్రమే, బల్లను కాదు. ఈ సంగతిని తానై చెప్పే అమ్మకందారు దొరికితే ఆ కొటేషన్‌ను ప్రక్కకు తీసి ఉంచండి.

ఇక అసలు విషయం, ఆంపియర్లు. ఇందులో నేను స్వయంగా దెబ్బ తిన్నాను.

అధ్యాపక వృత్తిలోనికి రాకముందు హైదరాబాదు బాలానగర్‌లోని ఒక చిన్న టూల్‌రూములో పనిచేశాను. పాత డ్రిల్లింగ్ యంత్రానికి సెర్వో అమర్చే పని నాకు అప్పగించారు. మోటారుకు ఒక పని ఆవృత్తి 1.5 సెకనులు: వేగం పుంజుకొనుటకు 0.3 సెకను 14 ఆంపియర్లు, పని జరుగునప్పుడు 0.7 సెకను 5 ఆంపియర్లు, ఆగుటకు 0.2 సెకను 12 ఆంపియర్లు, మిగిలిన 0.3 సెకను విశ్రాంతి. వీటికి మామూలు సగటు తీస్తే సుమారు 6.7 వస్తుంది. అది తప్పు లెక్క. వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పుడుతుంది. వర్గాల సగటుకు వర్గమూలం తీస్తే 8.4 ఆంపియర్లు వస్తుంది. దీనినే ఆర్.ఎం.ఎస్. విలువ అంటారు. ఇంతవరకు నేను సరిగానే లెక్కించాను. నిరంతర ప్రవాహం 10 ఆంపియర్లు, అత్యధిక ప్రవాహం 20 ఆంపియర్లు అని ముద్రించిన ఆంప్లిఫయర్‌ను, అందరికంటే తక్కువ ధర పలికినందున కొనిపించాను.

శీతాకాలమంతా అది చక్కగా పనిచేసింది. ఏప్రిల్ వచ్చేసరికి ప్రతి మధ్యాహ్నం ట్రిప్ కాసాగింది. మేమందరం ఉస్తాద్ అని పిలిచే పెద్ద మెకానిక్, ప్యానెల్ తలుపు తెరిచి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాడు. గాలితో పాటు పోత ఇనుప రజను కూడా లోపలికి పోయింది. మే నెలలో ఒకనాడు పెద్ద శబ్దంతో అది కాలిపోయింది. అప్పుడు మాన్యువల్ చివరి పేజీ వరకు చదివాను. వారు చెప్పిన 10 ఆంపియర్లు సైన్ తరంగపు శిఖరం విలువ. ఆర్.ఎం.ఎస్.లో అది 7.07 మాత్రమే! అదియును పరిసర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మించనప్పుడు. రేకుల కప్పు క్రింద, మూసిన ప్యానెల్‌లో, వేసవిలో 40 డిగ్రీలు ఎక్కడ ఉంటాయి?

అమ్మినవారిని అడిగితే ఆ మోడలు తయారీ ఆగిపోయినదన్నారు. మరమ్మతు చేసేవారు లేరన్నారు. యంత్రం తొమ్మిది వారాలు మూలబడింది. చేతిలోని ఆర్డరు మరొకరికి పోయింది. ఉస్తాద్ వేరొక కర్మాగారంలో చేరాడు. యజమాని నన్ను కోపగించలేదు. "కాగితాలు చదివింది నీవే కదా, బాబూ" అన్నాడు, అంతే. కొనుగోలు పత్రం మీది సంతకం నాదే. ఆ తయారీదారు అబద్ధమాడలేదన్నది నిజం. నిజాన్ని చివరి పేజీలో చిన్న అక్షరాలలో ఉంచాడు.

అందువలన తయారీదారుని మొదట అడుగవలసిన ప్రశ్న: మీ ఆంపియర్లు శిఖరం విలువా, ఆర్.ఎం.ఎస్. విలువా? రెండవది: 50 డిగ్రీల వద్ద ఎంత? మంచి తయారీదారు ఉష్ణోగ్రత పెరిగిన కొలది సామర్థ్యం ఎంత తగ్గునో గ్రాఫు గీసి ఇస్తాడు. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక స్థూల నియమం గలదు. కనుక ఈ గ్రాఫు అలంకారం కాదు. మూడవది: మోటారు వేగం తగ్గునప్పుడు వెనుకకు వచ్చే శక్తి ఎటు పోతుంది? 230 వోల్టుల సరఫరాను డి.సి.గా మార్చితే సుమారు 325 వోల్టులవుతుంది. బరువైన బల్ల హఠాత్తుగా ఆగితే ఇది మరింత పెరుగుతుంది. ఆ శక్తిని ఖర్చుచేయుటకు బ్రేకు రెసిస్టరు ధరలో చేరినదో లేదో వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను.

తయారీదారులలో రెండు తెగలున్నవి. జపాను సంస్థలైన ఫానుక్, యస్కావా, జర్మనీకి చెందిన సీమెన్స్ వంటివి మోటారును, ఆంప్లిఫయర్‌ను జతగా తయారుచేస్తాయి. జత కుదిరి ఉంటుంది, అమర్పు సులభం. కాని ఎన్‌కోడర్ భాష తరచుగా వారి సొంతం. రేపు మోటారు చెడితే వారి వద్దకే పోవలెను. ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్మో, అమెరికాకు చెందిన కాప్లీ వంటివి పలువురి మోటార్లతో, పలు రకాల ఎన్‌కోడర్లతో పనిచేసే ఆంప్లిఫయర్లు చేస్తాయి. వీటిని అమర్చుటకు శ్రమ, తెలివి రెండూ కావలెను. రోజుకు రెండు షిఫ్టులు నడిచే కర్మాగారానికైతే నేను మొదటి తెగనే సూచిస్తాను. విద్యార్థులు గెయిన్ మార్చి, అది కంపించుట చూచి, మరల సరిదిద్ది నేర్చుకొనవలసిన కళాశాలకు రెండవ తెగయే తగినదని నా అభిప్రాయం. తోటి అధ్యాపకులలో కొందరు దీనితో ఏకీభవించరు.

ఒక విషయంలో మాత్రం బేరం కూడదు. సేఫ్ టార్క్ ఆఫ్ అను ఏర్పాటు, ఐ.ఇ.సి. 61800-5-2 ప్రమాణం ప్రకారం ధ్రువీకరణ పొందినది, ఉండి తీరవలెను. అత్యవసర మీట నొక్కగానే మోటారుకు బలం అందకుండా చేసేది అదే. మన విద్యార్థులు బల్ల మీద చేతులు పెట్టి కొలతలు తీసేవారు. ఈ ఏర్పాటు విద్యుత్ సరఫరాను వేరుచేయదనీ, మెయిన్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో కొన్ని నిమిషాలు ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉంటుందనీ విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

కమిటీ వారికి నా వినతి ఇది. కొటేషన్ల పట్టికలో ధరకు ముందు నాలుగు గడులు చేర్చండి: 50 డిగ్రీల వద్ద ఆర్.ఎం.ఎస్. ఆంపియర్లు, మరమ్మతు జరిగే ఊరు, ఎన్ని సంవత్సరాలు విడిభాగాలు దొరుకునో వ్రాతపూర్వక హామీ, పూర్తి మాన్యువల్ ముందుగా ఇచ్చారా లేదా. సొమ్ములో కొంత భాగాన్ని మన వర్క్‌షాపులోనే, మే నెల మధ్యాహ్నం, ప్యానెల్ తలుపు మూసి, పూర్తి భారంతో నాలుగు గంటలు నడిపిన తరువాతనే చెల్లించే షరతు పెట్టండి. ఆ నాలుగు గంటలు ఉష్ణోగ్రత నమోదు చేయుటకు చివరి సంవత్సరపు విద్యార్థులు ఇద్దరు ఇప్పటికే పేర్లు ఇచ్చారు.