నెమ్ముకు మాత్ర చాలు, ఎప్పుడంటే

బనగానపల్లె బండల ఫ్యాక్టరీల్లోనైనా మామిడి తోటల్లోనైనా జ్వరమొచ్చిన మనిషి ముందు అడిగేది సూదే. నెమ్ము చేసిందంటే సెలైన్ కూడా కావాలంటాడు. తేలికపాటి నెమ్ముకు ఆ ఖర్చు దండగ. అమాక్సిసిలిన్ మింగినా చక్కగా రక్తంలోకి ఎక్కుతుంది.

అయితే తేలికో కాదో ముందు తేల్చాలి. రోగిని కూర్చోబెట్టి నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టాలి. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది, అందుకే నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని ఛాతీ వైపు చూడటం పాత డాక్టర్ల ఉపాయం. లెక్క 30కి చేరినా, పై బీపీ 90 కన్నా కిందికి పడిపోయినా, మాట పొంతన తప్పినా, ఆక్సిమీటర్ 94 కన్నా తక్కువ చూపినా, మింగింది వాంతైపోతున్నా మాత్రల మాట వదిలి నంద్యాలకో కర్నూలుకో బయల్దేరాల్సిందే. 65 దాటినవాళ్లకు ఇంకాస్త జాగ్రత్త.

ఆ తర్వాత మందు. వేరే జబ్బులు లేని పెద్దవాళ్లకు 2019 అమెరికా మార్గదర్శకాలు చెప్పేది అమాక్సిసిలిన్ గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, లేదా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రెండుసార్లు. షుగరో గుండెజబ్బో ఉంటే లెక్క వేరు, అది డాక్టరే చూడాలి. డాక్సీసైక్లిన్‌కు మనతో చుట్టరికం ఉంది: ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచే 1948లో బయటికొచ్చింది. డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట నడుం వాల్చకూడదు, గొంతు కింద ఇరుక్కుంటే పుండు పడుతుంది. పాలతో, ఐరన్ మాత్రతో కలపొద్దు. ఎండకు చర్మం కమిలిపోతుంది. మామిడి కోతల కాలంలో పొడుగు చేతుల చొక్కా తప్పదు. గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు.

షాపులో ‘స్ట్రాంగ్‌ది’ అడిగి లివోఫ్లాక్సాసిన్ తెచ్చుకోవడం మాత్రం వద్దు. అది క్షయను కొన్నాళ్లు అణిచిపెట్టి, జబ్బు బయటపడనివ్వదు. దగ్గు రెండు వారాలు దాటితే ముందు కళ్లె పరీక్ష.

మూడో రోజుకు జ్వరం దిగి, నాలుగు ముద్దలు నోటికి పోవాలి. లేకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికే. తగ్గుముఖం పట్టినా ఐదు రోజుల కోర్సు పూర్తిచేయాలి. దగ్గు, నీరసం కొన్ని వారాలుంటాయి, ఎక్స్‌రేలో మచ్చ పోవడం ఇంకా ఆలస్యం. మచ్చ ఉంది కదా అని ఇంకో కోర్సు మింగక్కర్లేదు. బీడీ తాగే 50 దాటినవాళ్లు మాత్రం ఆరు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించుకోవాలి, దాని వెనక గడ్డేమైనా ఉందేమో చూడటానికి.