గుడ్లు ఇంటికి పంపితే సరిపోదు

రిజిస్టర్లో పేరు ఉంటుంది. గుడ్లూ పాలూ ఎవరో ఒకరు వచ్చి పట్టుకెళ్తుంటారు. బిడ్డ మాత్రం అంగన్‌వాడీలో కనిపించదు. అడిగితే "నడవలేదండీ, రోజూ ఎవరు ఎత్తుకొస్తారు?" అని ఇంట్లోవాళ్ళంటారు. "ఉన్న ఇరవైమందినీ చూసుకునేసరికే పొద్దు వాలుతోంది, మేడమ్" అని టీచరంటుంది. సూపర్‌వైజరుగా పనిచేసినన్నాళ్ళూ ఇలాంటి పేర్లు చాలా చూశాను. మొదట్లో వాటికి టిక్కు పెట్టి సంతకం చేసి వచ్చేసేదాన్ని. ఆ బిడ్డ ఇంట్లో మంచం మీద ఎలా ఉందో వెళ్ళి చూడాలన్న ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది. కొత్తగా చేరిన టీచర్లకూ ఆయాలకూ ఆ ఆలస్యం జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఈ పిల్లలు మన పని కిందికి రారని ఎవరైనా అంటే నమ్మకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఉన్నవి ఏడే. ఆటిజం, తలసేమియా, ఏజెన్సీ ఊళ్ళలో మనం చూసే సికిల్ సెల్ జబ్బు కూడా ఇప్పుడు ఆ లెక్కలోకి వస్తాయి. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ పిల్లల కోసం ప్రత్యేకంగా అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. అందులో మనకు అప్పజెప్పిన పనులు మూడు: ముందుగా గుర్తించడం, మిగతా పిల్లలతో కలుపుకుని కుటుంబానికి తోడుగా నిలవడం, ఆశ, ఏఎన్ఎంల ద్వారా వైద్యానికి పంపడం. జబ్బుకు పేరు పెట్టడం ఆ మూడింట్లోనూ లేదు. "మీవాడికి ఆటిజంలా ఉంది" అని మన నోటితో అనకూడదు. మనం చూసింది చూసినట్టు చెప్పాలి, రాయాలి.

చూడటానికి సామాను అక్కర్లేదు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ నెలకు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. బరువు గీత పెట్టి కార్డు మూసేయకుండా ఆ పేజీ కూడా చదవండి. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాది వచ్చినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, రెండేళ్ళకు "అమ్మా రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపకపోవడం కనిపిస్తే రాసుకోండి. ఏడాది లోపు బిడ్డ ఎప్పుడూ ఒకే చేత్తో అందుకుంటూ రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంచితే "ఎడమచేతి వాటం"లే అని వదిలేయకండి. వచ్చిన మాటలు పోతే ఒక్కవారం కూడా ఆగొద్దు. చెవిలో చీము కారే పిల్లలు మన ఊళ్ళలో ఎక్కువే. వాళ్ళకు మాట సరిగా వినబడకే మందకొడిగా కనిపిస్తారు. వెనకనుంచి మామూలు గొంతుతో పేరు పిలవండి. మూడు రోజులు, వేర్వేరు వేళల్లో. ఏం జరిగిందో తేదీ వేసి రాయండి.

తల్లికి చెప్పడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. గుడ్లు పంచే వేళ పదిమంది ముందు చెప్పకండి. అత్తగారి ఎదురుగా అసలే వద్దు. మేనరికం మాట ఎత్తకండి. ఆ మాట ఆమె ఇంట్లో ఇప్పటికే వందసార్లు విని ఉంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని, బిడ్డ చేయగలిగిన పనితో మొదలుపెట్టండి. "అమ్మా, వీడు బంతి భలే విసురుతున్నాడు. వెనకనుంచి పిలిస్తే మాత్రం మూడు రోజులుగా తిరగట్లేదు. చెవి ఒకసారి చూపిద్దామా?" అంతే చాలు. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే మాటలొచ్చాయి" అని ఆమె అంటుంది. వాదించకండి. "రానీ తల్లీ, మంచిదేగా. పరీక్ష చేయిస్తే పోయేదేముంది?" అనండి. వెంటనే ఒప్పుకోదు. వచ్చేవారం మళ్ళీ వెళ్ళండి. తాయెత్తు కట్టించానంటే ఉండనివ్వండి, దానితోపాటు డాక్టరు దగ్గరికీ వెళ్దామనండి.

పంపడం ఎక్కడికంటే, 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్ళొచ్చే రోజున అనుమానమున్న పిల్లలందరూ కేంద్రంలో ఉండేలా ముందురోజే ఇళ్ళకు వెళ్ళి చెప్పండి. ఇప్పుడే వచ్చి వెళ్ళారంటే ఆరు నెలలు ఎదురుచూడకండి. ఏఎన్ఎంతో చెప్పి జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపించండి. డైక్ అని పిలిచేది దాన్నే. తల్లి చేతికి మీరు రాసిన కాగితం ఇవ్వండి. డాక్టరు ముందు ఆమెకు మాట పెగలకపోయినా ఆ కాగితం మాట్లాడుతుంది. సికింద్రాబాద్‌కు వెళ్ళగలిగినవాళ్ళకు బోయిన్‌పల్లిలో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది.

ఒక పొరపాటు తరచుగా చూస్తుంటాను. అందరూ ముందు వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు వెంట పడతారు. సర్టిఫికెట్ అవసరమే, కాదనను. పింఛనుకు, బస్సు పాసుకు, పథకాలకు అదే ఆధారం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, దానికీ అది అడుగుతారు. కానీ సర్టిఫికెట్ వచ్చేదాకా వ్యాయామం, మాటల శిక్షణ ఆపకూడదు. వైకల్యం శాతం ఎంతో తేలకముందే బిడ్డ కాలు బిగుసుకుపోతుంది. పుట్టుకతో పాదం లోపలికి తిరిగిన పిల్లల్నే చూడండి. నెలల పసికందుగా ఉన్నప్పుడే వారం వారం కట్లు మార్చుకుంటూ పోతే చాలామందికి పెద్ద ఆపరేషన్ అవసరం పడదు. తర్వాత నాలుగైదేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళు ప్రత్యేకమైన బూట్లు వేయాలి. పాదం బాగుపడిందని తల్లులు బూట్లు మానేస్తారు, అది మళ్ళీ తిరిగిపోతుంది. నెలకోసారి "రాత్రి బూట్లు వేస్తున్నావా?" అని అడగడం మన పనే.

ఇక బిడ్డ కేంద్రానికి వచ్చాక. ఒక నాలుగేళ్ళ పాప ఉండేది, కాళ్ళు కత్తెరలా బిగుసుకుపోయేవి, కూర్చోబెడితే పక్కకు ఒరిగేది. ఆయా ఆ పాపను గోడమూల చూసుకుని కూర్చోబెట్టింది. రెండు పక్కలా దిండ్లు, మోకాళ్ళ మధ్య చుట్టిన తువ్వాలు. కొన్నాళ్ళకు ఫిజియోథెరపిస్టు చూసి, నడుము వెనక్కి ఆనేలా, పాదాలు కిందికి ఆనేలా చిన్న కుర్చీ కుదిర్చి, కాళ్ళ కింద ఇటుక పెట్టమన్నాడు. ఒళ్ళు నిలవగానే చేతులకు తీరిక దొరికింది. స్పూను కాడకు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టుకుంది. సగం ఒలికినా తనే తింది. వాళ్ళ అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అదంతా చూసింది. మర్నాటినుంచి పాపను ఎత్తుకురావడం ఎవరికీ బరువనిపించలేదు.

తిండి దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఒళ్ళో పడుకోబెట్టి పోసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. మింగడం సరిగా రాని బిడ్డకు అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మాటిమాటికీ దగ్గు, నెమ్ము రావడానికి అదీ ఒక కారణం. కూర్చోబెట్టండి, ఎదురుగా మీరూ కూర్చోండి, గడ్డం కాస్త కిందికి వంగి ఉండాలి. బాలామృతం పిండిని నీళ్ళలా కాకుండా స్పూనుకు అంటుకునేంత గట్టిగా కలపండి. గుడ్డు పొడిపొడిగా ఉంటే పొలమారుతుంది, పప్పులో మెత్తగా మెదపండి. మింగాకే రెండో ముద్ద. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. దగ్గుతూ కళ్ళు తేలేస్తుంటే ఆపేసి, డాక్టరుకు చూపించాకే మళ్ళీ మొదలుపెట్టండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను దూర్చడం, నీళ్ళు పోయడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఇది ఆయాకూ నేర్పండి. మీరు మీటింగుకు వెళ్ళిన రోజున కేంద్రంలో ఉండేది ఆమే.

మిగతా పిల్లలు అడుగుతారు: "టీచర్, వీడెందుకు మాట్లాడడు?" ఉష్ అనకండి. "వాడికి మాట ఇంకా రాలేదురా. చూపిస్తే అర్థమవుతుంది, నువ్వు బంతి చూపించు" అనండి. వినబడని బిడ్డను వెలుతురు మీ ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చోబెట్టుకుని పాట పాడండి. చూపు తక్కువున్న బిడ్డ బొమ్మను ముఖానికి దగ్గరగా పట్టుకుంటే లాక్కోకండి. ఊళ్ళో ఏదో పేరు తగిలించి పిలుస్తుంటారు. మన కేంద్రంలో మాత్రం అమ్మానాన్నా పెట్టిన పేరుతోనే పిలవాలి. బడికి వెళ్ళే వయసొచ్చాక మండలంలో దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ టీచర్‌ను ముందే కలిసి, బిడ్డ ఎలా కూర్చుంటుందో, ఎలా తింటుందో చెప్పి అప్పగించండి.

ఒక టీచరు, ఒక ఆయా, గౌరవ వేతనం, ఫోన్లో నింపాల్సిన యాప్‌లు. ఈ భారం నాకు తెలుసు. అందుకే బిడ్డను మొదటివారం రోజుకో గంట ఉంచితే చాలంటాను. అమ్మో నానమ్మో పక్కన కూర్చుంటుంది. రెండోవారం భోజనం దాకా ఉంచండి. రేపు రిజిస్టరు తెరిచి, గుడ్లు వెళ్తూ బిడ్డ రాని పేరు ఒకటి వెతకండి. సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక బంతి పట్టుకెళ్ళండి. తల్లితో మాట్లాడేముందు పది నిమిషాలు బిడ్డతో ఆడండి.