గాలి తూర్పుకు తిరిగితే పిట్టల పండగే

ప్రశ్న: అబర్డీన్‌లో ఉంటున్నాను. మే నెలలో ఫెయిర్ ఐల్ దీవికి పిట్టలు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాను. ఎక్కడ, ఎలా వెతకాలి?

జవాబు: తేదీ కంటే గాలిని చూసుకోండి. పడమటి గాలికి దీవి బోసిగా ఉంటుంది. ఆగ్నేయపు గాలికి వానో పొగమంచో తోడైతే, స్కాండినేవియాకు పోయే పిట్టలు దారి తప్పి, అలసి ఇక్కడ వాలతాయి. 5 కిలోమీటర్ల పొడవున్న దీవిలో చెట్లు దాదాపు లేవు. అందుకే రాతి గోడల చాటున, కాలువ గట్ల వెంట వెతకండి. గోడ కింద ఎలుకలా చరచరా పరుగెత్తి, ఆగి తోక నిక్కించిందా? తోక మొదట్లో ఇటుకరంగు ఉంటే అది నీలిగొంతు పిట్టే. చలికాలంలో మన చెరువుల తుంగలో తిరిగే జాతే అది. వెంటపడకండి, దాన్ని తిననివ్వండి. పొగమంచు పడితే విమానం ఆగిపోతుంది. రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.