సంతకానికి ముందు

మా ఊరు మూకండపల్లిలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం; పెద్ద జబ్బు చేసి బెంగళూరు పోతే కన్నడం, ఇంగ్లీషు. అక్కడొక ఆసుపత్రిలో, రోగులపై చేసే పరిశోధనలను పరిశీలించే నైతిక సమితిలో వైద్యం చదవని సామాన్య సభ్యుడిగా పనిచేశాను. పరిశోధనలో చేరే రోగి సంతకం చేసేముందు తెలుసుకోవాల్సినవిగా అక్కడ నేర్చుకున్నవి ఇవి.

1. పరిశోధన అంటే భయపడకండి. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం కోసం భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చేతులు కలిపాయి. అక్కడ 193 మంది క్షయరోగుల్లో కొందరిని శానటోరియంలో, కొందరిని ఇంట్లో ఉంచి ఏడాదిపాటు అవే మందులిచ్చారు. ఎవరు ఎక్కడన్నది డాక్టరు ఇష్టం కాదు, చీటీలు తీసినట్టు తేల్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ ఇంచుమించు అంతే నయమైంది. వాళ్లు ఇంట్లో ఉన్నంతమాత్రాన కుటుంబానికి జబ్బు ఎక్కువగా అంటుకోలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇవాళ క్షయరోగి పిల్లల మధ్యే ఉండి మాత్రలు వేసుకుంటున్నాడంటే ఆ 193 మంది చలవే.

2. సంతకం ఎవరిదో చూడండి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. చాలామంది హాస్టలు పిల్లల తరఫున అమ్మానాన్నలు కాక వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆపించింది. టీకా వేయించుకున్న కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో తేలింది. నిజమే కావచ్చు. కానీ తల్లిని అడగకపోవడం తప్పే, టీకా మంచిదైనా తప్పే.

3. "అర్థమైందా?" అంటే మనవాళ్లు తలూపుతారు. డాక్టరంటే గౌరవం, మొహమాటం. "విన్నది మీ మాటల్లో చెప్పండి" అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. మావైపు ఇంకో చిక్కుంది: తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. తెలుగు పత్రం చేతిలో పెడితే చాలదు, చదివి వినిపించాలి. చదవలేనివారి విషయంలో ఏ పక్షానికీ చెందని సాక్షి ఉండాలని నియమం.

4. చేరిన పరిశోధనను మధ్యలో మానుకోవచ్చు. మానుకున్నారని మామూలు వైద్యం ఆపకూడదు.

5. మన దేశంలో 2009 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ ముందే నమోదు చేయాలి. ఆ నమోదు నంబరు అడగండి. సంతకం చేసిన పత్రం నకలు రోగికి ఇవ్వాలని 2019 క్లినికల్ ట్రయల్ నియమాల్లో ఉంది. అది చేతికి వచ్చాకే ఇంటికి బయల్దేరండి.