అమెరికా సంబంధం – విడాకుల రికార్డు విచారించడం ఎలా?

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్

గత నెల ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. ఆయన కూతురికి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం నుండి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి ఇది రెండో పెళ్ళి. “మొదటి భార్యతో అంతా అయిపోయింది, కోర్టు కాగితం కూడా ఉంది” అని అటువైపు పెద్దలు అన్నారట. ఫోనులో పంపిన ఆ కాగితాన్ని చూపిస్తూ ఆయన, “మౌలానా, ఇది సరిపోతుందా? ఇంకా అడిగితే అనుమానించినట్టు అవుతుందేమో!” అన్నారు.

మేము ఆ కాగితాన్ని చదివాము. అది విడాకుల తీర్పు కాదు, విడాకులు కోరుతూ కోర్టులో వేసిన దరఖాస్తు. ఈ రెంటి మధ్య ఎంత తేడా ఉందో తెలియక ఎందరు ఆడపిల్లల జీవితాలు చిక్కుల్లో పడుతున్నాయో! అందుకే ఈ పాఠంలో ఈ విషయాన్ని వివరంగా తెలుసుకుందాం.

విచారించడం అనుమానం కాదు

సూరయె హుజురాత్‌ 12వ ఆయత్‌లో ఇతరుల రహస్యాలు కూపీ లాగవద్దని అల్లాహ్‌ వారించాడు. నిజమే. కాని అదే సూరా 6వ ఆయత్‌లో, తెలియకుండా ఎవరికీ హాని చేయకుండా ఉండేందుకు, వచ్చిన వార్తను నిర్ధారించుకోమని ఆజ్ఞాపించాడు. ఈ రెండు ఆదేశాలూ ఒకదానికొకటి వ్యతిరేకం కావు. పని లేకుండా పరుల గుట్టు వెదకడం పాపం. నికాహ్‌ వంటి గట్టి ఒప్పందానికి ముందు నిజం తెలుసుకోవడం బాధ్యత.

హజ్రత్‌ ఫాతిమా బిన్తె ఖైస్‌ (రజి) ఇద్దత్‌ ముగించుకున్నాక, తనకు వచ్చిన రెండు సంబంధాల గురించి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)ను సంప్రదించారు. ఆయన ఒకరి పేదరికాన్ని, మరొకరి కఠిన స్వభావాన్ని దాచకుండా చెప్పి, హజ్రత్‌ ఉసామా (రజి)ను వివాహమాడమని సలహా ఇచ్చారు. సహీహ్‌ ముస్లింలో ఉన్న ఈ సంఘటన ఆధారంగానే, పెళ్ళి విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం పరోక్షనింద కాదని ధర్మవేత్తలు వివరించారు.

ఇక వ్రాతపూర్వక సాక్ష్యం సంగతి. అప్పుల లావాదేవీలనే వ్రాసిపెట్టుకోమని సూరయె బఖరా 282వ ఆయత్‌ ఆదేశిస్తోంది. భార్యను తిరిగి ఉంచుకున్నా, విడిచిపెట్టినా ఇద్దరు న్యాయవంతుల్ని సాక్షులుగా పెట్టుకోమని సూరయె తలాఖ్‌ 2వ ఆయత్‌ బోధిస్తోంది. అటువంటప్పుడు ఒక కాగితం చూపించమని అడగడంలో తప్పేముంది?

రికార్డు ఎక్కడ ఉంటుంది?

అమెరికాలో విడాకులు కేంద్ర ప్రభుత్వ వ్యవహారం కాదు. దేశం మొత్తానికి ఒకే విడాకుల రిజిస్టరు లేదు. ప్రతి రాష్ట్రానికీ దాని చట్టం దానిది. రాష్ట్రం లోపల కౌంటీలు ఉంటాయి. మన జిల్లాల వంటివే, కాని దేశమంతటా మూడు వేలకు పైగా ఉన్నాయి. చాలా రాష్ట్రాలలో ఏ కౌంటీ కోర్టులో కేసు నడిచిందో ఆ కోర్టు క్లర్కు ఆఫీసులోనే ఫైలు ఉంటుంది. టెక్సాస్‌లో ఆ అధికారిని డిస్ట్రిక్ట్‌ క్లర్క్‌ అంటారు. ఇల్లినాయిస్‌లో సర్క్యూట్‌ క్లర్క్‌. కాలిఫోర్నియాలో ప్రతి కౌంటీకి ఉన్న సుపీరియర్‌ కోర్టులో అడగాలి. న్యూజెర్సీ పద్ధతి వేరు. అక్కడ విడాకుల తీర్పు నకళ్ళను ట్రెంటన్‌లోని సుపీరియర్‌ కోర్టు రికార్డుల కేంద్రం ఇస్తుంది.

కాబట్టి ముందుగా తెలుసుకోవలసింది కౌంటీ పేరు. పెళ్ళి జరిగిన ఊరు కాదు, ఇప్పుడు నివసిస్తున్న ఊరూ కాదు. కేసు వేసినప్పుడు దంపతులలో ఎవరైనా నివసించిన కౌంటీ. టెక్సాస్‌లో కేసు వేసేనాటికి ఇద్దరిలో ఒకరు రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు నివసించి ఉండాలి. ఊరి పేరు ఒక్కటే చాలదు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో పట్టణమే కొంత కాలిన్‌ కౌంటీలో, కొంత డెంటన్‌ కౌంటీలో ఉంది. ఒకచోట పేరు దొరకకపోతే విడాకులు కాలేదని తొందరపడి నింద వేయకూడదు. పక్క కౌంటీలో ఉండవచ్చు.

ఏ కాగితం అడగాలి?

మూడు రకాల కాగితాలు ఉంటాయి.

మొదటిది, రాష్ట్ర ఆరోగ్యశాఖ ఇచ్చే ధ్రువీకరణ. ఇందులో పేర్లు, తేదీ, కౌంటీ వంటి వివరాలే ఉంటాయి. టెక్సాస్‌లో ఇది 1968 నుండి జరిగిన విడాకులకు లభిస్తుంది. కౌంటీ తెలియనప్పుడు ఇది దారి చూపుతుంది.

రెండవది, తీర్పు, అంటే డిక్రీ. అసలైన ఆధారం ఇదే. జడ్జి సంతకం, తేదీ, కోర్టు ముద్ర చూడాలి. పిల్లల పోషణకు ఎంత చెల్లించాలో, ఆస్తి ఎలా పంచారో ఇందులోనే ఉంటుంది. కాబోయే అల్లుడిపై ఉన్న బాధ్యతలు ఆడపిల్ల తండ్రికి తెలియాలి కదా!

మూడవది, మొత్తం ఫైలు. ఇది మనకు అవసరం లేదు. ఆ దంపతుల గొడవలన్నీ చదవడం సూరయె హుజురాత్‌ వారించిన కోవలోకే వస్తుంది.

దరఖాస్తులో ఇద్దరి పూర్తి పేర్లు, సుమారు సంవత్సరం, తెలిస్తే కేసు నంబరు వ్రాయాలి. మన పేర్లు ఇంగ్లీషులో పలు విధాలుగా వ్రాస్తారు గనుక పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే ఇవ్వాలి. మామూలు నకలు కాక సర్టిఫైడ్‌ కాపీ అడగాలి. వెదకడానికి, నకలుకు వేర్వేరుగా రుసుము ఉండవచ్చు. చాలా కౌంటీల వెబ్‌సైటులో పేరుతో వెదకవచ్చు. అయితే అక్కడ పేరు కనిపించినంత మాత్రాన విడాకులు అయినట్లు కాదు. కేసు కొట్టివేసి ఉండవచ్చు, ఇంకా నడుస్తూ ఉండవచ్చు.

న్యూయార్క్‌లో విడాకుల ఫైళ్ళు గోప్యం. కోర్టు అనుమతి లేనిదే భార్యాభర్తలకు, వారి వకీళ్ళకు తప్ప ఇతరులకు ఇవ్వరు. అందుచేత అన్నిటికంటే మంచి మార్గం అబ్బాయినే తెప్పించమనడం. ఇందులో ఆయనకు అవమానం లేదు. రేపు భార్య కోసం ఐ-130 పిటిషన్‌ వేయాలన్నా పూర్వ వివాహం రద్దయిన రుజువు జతచేయవలసిందే. ప్రభుత్వానికి చూపించే కాగితం మామగారికి చూపించడానికి సంకోచం ఎందుకు?

ఒక కేసు నేర్పిన పాఠం

తిరుపతిలో 1975లో పెళ్ళయిన ఒక జంట విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, సెయింట్‌ లూయిస్‌ కౌంటీ కోర్టు నుండి 1980లో విడాకులు పొందాడు. విచారణకు భార్య హాజరు కాలేదు. 1981లో అతను యాదగిరిగుట్టలో మరో వివాహం చేసుకున్నాడు. మొదటి భార్య కోర్టుకెళ్ళింది. 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా తీర్పును గుర్తించలేదు. పైగా భర్త చూపినది ఫోటోస్టాట్‌ నకలు మాత్రమేననీ, అది సాక్ష్యంగా చెల్లదనీ చెప్పింది. అది హిందూ వివాహ చట్టం కింద వచ్చిన కేసు. అయినా విదేశీ తీర్పులను పరీక్షించే సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 13వ సెక్షన్‌ అందరికీ వర్తిస్తుంది. కాబట్టి మొదటి పెళ్ళి ఇండియాలో జరిగి ఉంటే, మొదటి భార్యకు నోటీసు అందిందా, ఆమె హాజరైందా అన్నది డిక్రీలో తప్పక చూడండి, వకీలుకు చూపించండి. ఆ కాపీకి అక్కడి రాష్ట్ర ప్రభుత్వం నుండి అపోస్టిల్‌ వేయించుకోవడం మేలు. 2005 నుండి భారతదేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది.

షరీఅత్‌ దృష్టిలో

కోర్టు కాగితం ఉన్నంత మాత్రాన షరీఅత్‌ ప్రకారం కూడా అంతా ముగిసినట్లేనా? భర్త స్వయంగా తలాఖ్‌ ఇచ్చి, లేదా తలాఖ్‌ ఉద్దేశంతో వ్రాసి సంతకం చేసి ఉంటే వేరు. భర్త ఒప్పుకోకుండా ముస్లిమేతర జడ్జి ఇచ్చిన తీర్పుతోనే నికాహ్‌ తెగిపోదని మన ప్రాంత ముఫ్తీలలో అధికులు అంటారు. అటువంటి సోదరి ఖులా కోసమో, ఫస్ఖ్‌ కోసమో దారుల్‌ ఖజాను ఆశ్రయించాలి. ఇద్దత్‌ తలాఖ్‌ పడిన నాటి నుండి లెక్కించాలి, కాగితం చేతికొచ్చిన నాటి నుండి కాదు. మరోవైపు, నోటితో తలాఖ్‌ చెప్పి కోర్టుకు వెళ్ళనివాడు అమెరికా చట్టం దృష్టిలో ఇంకా వివాహితుడే. రెండు తలుపులూ సరిగా మూసివేశాకే మూడో తలుపు తెరవాలి.

ఆ తండ్రికి మేము ఇదే చెప్పాము. ఆయన మర్యాదగా డిక్రీ సర్టిఫైడ్‌ కాపీ అడిగారు. కేసు ఇంకా నడుస్తోందని అప్పుడు అబ్బాయి స్వయంగా ఒప్పుకున్నాడు. తీర్పు వచ్చేదాకా నికాహ్‌ వాయిదా వేశారు. సంబంధం చెడలేదు, ఎవరి పరువూ పోలేదు. ఒక్క ప్రశ్న అడిగినందుకు ఇద్దరు ఆడపిల్లలకు అన్యాయం తప్పింది.

అల్లాహ్‌ మనందరికీ సత్యం పలికే, సత్యాన్ని విచారించే సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్‌.